సంతకంతో వచ్చే ఓటు

2021 మార్చిలో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో జరిగిన ఓట్ల లెక్కింపు హైదరాబాద్‌లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల శాసన మండలి స్థానానికి 93 మంది పోటీ చేశారు. అందరి పేర్లూ పట్టాలి కాబట్టి బ్యాలెట్ కాగితం దినపత్రిక అంత పెద్దదైంది. దాన్ని మడిచి పెట్టెలో వేయడమే ఓటరుకు ఒక పని. ఓటర్ల జాబితాలో 5 లక్షల 31 వేల మంది ఉంటే మూడున్నర లక్షల మందికి పైగా వచ్చి ఓటేశారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు. అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించడం, ఆ కట్టలోని రెండో ప్రాధాన్య ఓట్లను మిగిలినవారికి పంచడం, మళ్లీ లెక్కపెట్టడం, ఇలా రాత్రీ పగలూ సాగి నాలుగో రోజుకు ఫలితం తేలింది. ఒక్క సీటు కోసం అంత కష్టపడ్డారు, అంత పడటం న్యాయం కూడా.

అదే సభలో మరో ఆరు సీట్లున్నాయి. వాటికి బ్యాలెట్ లేదు, ప్రచారం లేదు, లెక్కింపు లేదు. మంత్రివర్గం పేరు సిఫారసు చేస్తుంది, గవర్నర్ సంతకం చేస్తారు, గెజిట్ వెలువడుతుంది. పదవీ ప్రమాణం అయ్యాక ఆ సభ్యుడి ఓటుకు, మూడున్నర లక్షల మంది వరసలో నిలబడి ఎన్నుకున్న సభ్యుడి ఓటుకు వీసమెత్తు తేడా ఉండదు. జీతం, హోదా, ఆరేళ్ల పదవీకాలం అన్నీ సమానమే. తేడా ఒక్కచోటే కనిపిస్తుంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఆరేళ్లకోసారి మళ్లీ ఆ 5 లక్షల మంది ముందుకు వెళ్లి నిలబడాలి. గవర్నర్ కోటా ఎమ్మెల్సీని నిలదీసే హక్కున్న ఓటరు ఈ రాష్ట్రంలో ఒక్కరూ లేరు.

తెలంగాణ శాసన మండలిలో మొత్తం 40 స్థానాలు. 14 మందిని ఎమ్మెల్యేలు, 14 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు, ముగ్గురిని పట్టభద్రులు, ముగ్గురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన ఆరుగురిని రాజ్యాంగంలోని 171వ అధికరణ కింద గవర్నర్ నియమిస్తారు. సాహిత్యం, విజ్ఞాన శాస్త్రం, కళలు, సహకార ఉద్యమం, సామాజిక సేవ రంగాల్లో ప్రత్యేక పరిజ్ఞానం గానీ ఆచరణలో అనుభవం గానీ ఉన్నవారు అందుకు అర్హులు. రాజ్యసభకు రాష్ట్రపతి నియమించే 12 మంది విషయంలోనూ దాదాపు ఇదే జాబితా. సహకార ఉద్యమం ఒక్కటే అందులో ఉండదు.

ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన చెడ్డదేమీ కాదు. ఎన్నికల రణరంగంలోకి దిగే ఓపిక, డబ్బు, మనసు లేని విద్వాంసులూ అనుభవజ్ఞులూ కొందరు ఉంటారు, చట్టం చేసేటప్పుడు వారి మాట వినిపించాలి అన్నదే రాజ్యాంగ సభలో రెండో సభను సమర్థించిన ఎన్. గోపాలస్వామి అయ్యంగార్ వంటివారి ఉద్దేశం. తెలుగు నేల మీద అది సార్థకమైన సందర్భాలున్నాయి. 1964లో గుర్రం జాషువా ఆంధ్రప్రదేశ్ శాసన మండలికి నియమితులయ్యారు. కులం పేరుతో జీవితమంతా అవమానాలు పడిన కవి చట్టసభలో కూర్చున్నారు. ఆనాటి ఎన్నికల రాజకీయం ఆయన్ని గెలిపించి పంపేదని నమ్మడం కష్టం. 1997లో సి. నారాయణరెడ్డి రాజ్యసభకు వెళ్లారు. 2020 నవంబరులో గోరటి వెంకన్న తెలంగాణ మండలికి వచ్చారు. పల్లె పాటను ఊరూరా వినిపించిన మనిషికి ఆ గౌరవం దక్కితే సామాన్య పాఠకుడెవరూ అభ్యంతరం చెప్పలేదు. నామినేషన్ అన్న మాట వినగానే దొడ్డిదారి అని కొట్టిపారేయకూడదని ఈ పేర్లే చెబుతాయి.

అయితే ఇలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే వస్తాయి. మిగతావన్నీ ఎలా నిండుతున్నాయో హైదరాబాద్‌లో పత్రిక చదివే ఎవరికైనా తెలుసు. ‘రాజకీయ పునరావాసం’ అన్న మాట ఈ సీట్ల వార్తలకు అతుక్కుపోయింది. ఎన్నికల్లో ఓడినవారు, టికెట్టు దక్కక అలిగినవారు, పార్టీ మారి వచ్చినవారు, సమీకరణాల్లో చోటు దొరకని వర్గాలకు చెందిన నాయకులు ఈ వరసలో నిలబడతారు. రాజ్యాంగం చెప్పిన అయిదు రంగాల్లో నాలుగింటికి కొంచెం గట్టి గోడలున్నాయి. కవి కానివారిని కవి అని చెప్పడం కష్టం, శాస్త్రవేత్త కానివారిని శాస్త్రవేత్త అనడం ఇంకా కష్టం. అయిదోదైన సామాజిక సేవకు గోడలే లేవు. రాజకీయాల్లో ఉన్న ప్రతి మనిషీ తాను చేస్తున్నది సేవే అంటారు. ఆ ఒక్క మాట గుండా ఎవరైనా లోపలికి రావచ్చు.

ఈ సందు ఎలాంటిదో చూడటానికి ఈ నగరంలో ఇటీవల నడిచిన వ్యవహారం ఒక్కటి చాలు. 2021 ఆగస్టులో అప్పటి మంత్రివర్గం పాడి కౌశిక్ రెడ్డి పేరును సామాజిక సేవ కోటాలో సిఫారసు చేసింది. పరిశీలించడానికి సమయం కావాలని నాటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ ఫైలును పక్కన పెట్టారు. నెలలు గడిచాయి. చివరికి ఆయన్ని ఎమ్మెల్యేల కోటాలో ఎన్నిక చేయించి, గవర్నర్ కోటాలో మధుసూదనాచారిని పంపారు. ఫలానా సీటుకు ప్రత్యేక అర్హత కావాలని రాజ్యాంగం చెబుతుంటే, ఒకే మనిషిని ఈ కోటా కాకపోతే ఆ కోటా అని సర్దేశారు. సేవకు గుర్తింపు అన్న ముసుగు అక్కడే జారిపోయింది.

2023 జూలై చివరలో దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణ పేర్లు రాజ్‌భవన్‌కు వెళ్లాయి. సెప్టెంబరులో గవర్నర్ వాటిని తిరస్కరించారు. వారిద్దరూ రాజకీయాల్లో ఉన్నవారని, అధికరణ చెప్పిన రంగాల్లో ప్రత్యేక కృషి కనిపించడం లేదని కారణం చెప్పారు. డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో కొత్త మంత్రివర్గం ఆచార్య కోదండరాం, పాత్రికేయుడు ఆమెర్ అలీఖాన్ పేర్లు పంపితే అదే గవర్నర్ ఆమోదించారు. కోదండరాం ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించినవారు, తెలంగాణ ఉద్యమంలో జేఏసీని నడిపినవారు. ఆయన యోగ్యతను శంకించేవారు తక్కువ. కానీ అప్పటికి ఆయన ఒక రాజకీయ పార్టీకి అధ్యక్షుడు కూడా. రాజకీయ అనుబంధం ఒకరికి అడ్డయి మరొకరికి ఎందుకు కాలేదన్న ప్రశ్నకు ప్రజలకు జవాబు రాలేదు.

2024 మార్చి 7న తెలంగాణ హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. పాత పేర్ల తిరస్కరణ చెల్లదని, దాని మీద నిలబడిన కొత్త నియామకాలూ చెల్లవని తీర్పు ఇచ్చింది. అర్హతలను పరిశీలించే అధికారం గవర్నర్‌కు ఉంది. అవసరమైతే పత్రాలు అడగవచ్చు, పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు. అంతకు మించి మంత్రివర్గ సలహాను తోసిపుచ్చలేరని వివరించింది. తరవాత కొత్త ప్రభుత్వం తన రెండు పేర్లనే మళ్లీ పంపింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరినా 2024 ఆగస్టులో ఇద్దరూ ప్రమాణం చేశారు. సరిగ్గా ఏడాదికి, 2025 ఆగస్టులో, సుప్రీంకోర్టు తన పాత మధ్యంతర ఉత్తర్వును సవరించడంతో వారి సభ్యత్వం నిలిచిపోయింది. ఆ నెలాఖరుకే మంత్రివర్గం మరో జాబితా పంపింది. కోదండరాం పేరు ఉంది. రెండో పేరు మాజీ క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్‌ది.

రెండేళ్ల పాటు రెండు సీట్ల మీద ఇంత నడిచింది. అంత వాదనా ఎవరి సంతకం చెల్లుతుంది, ఎవరి సిఫారసు నిలుస్తుంది అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ సీట్లలో కూర్చునేవారు ప్రజలకు ఎలా జవాబు చెబుతారన్న మాట ఏ పక్షం నోటా రాలేదు. బాధ కలిగించేది ఇదే. రాజ్‌భవన్ గెలిచినా, సచివాలయం గెలిచినా ఓటరుకు దక్కేది ఏమీ లేదు.

జవాబుదారీ ఎక్కడ తెగిపోతుందో కాస్త నిదానంగా చూడాలి. ఒక నియామకం తప్పుగా జరిగిందనుకుందాం. మంత్రివర్గాన్ని అడిగితే సంతకం గవర్నర్‌ది అంటుంది. గవర్నర్‌ను అడిగితే మంత్రివర్గ సలహా మేరకు చేశామంటారు. మంత్రులు గవర్నర్‌కు ఏ సలహా ఇచ్చారో కోర్టులో విచారించకూడదని 163వ అధికరణ మూడో ఖండం చెబుతోంది. అధికార విధుల నిర్వహణకు గవర్నర్ ఏ కోర్టుకూ జవాబు చెప్పనక్కర లేదని 361వ అధికరణ చెబుతోంది. పోనీ నియమితుడినే అడుగుదామంటే ఆయనకు నియోజకవర్గం లేదు. ఇక గెజిట్ ప్రకటనలో కనిపించేది పేరు, అధికరణ సంఖ్య. ఏ రంగంలో ఏ కృషికి ఈ గౌరవం దక్కిందో పౌరుడికి ఎవరూ చెప్పరు. మహారాష్ట్రలో 2020 నవంబరులో మంత్రివర్గం పంపిన 12 పేర్లను అప్పటి గవర్నర్ ఎటూ తేల్చకుండా ఉంచారు. సమంజసమైన కాలంలో నిర్ణయం తీసుకోవడం గవర్నర్ బాధ్యత అని బొంబాయి హైకోర్టు 2021లో గుర్తు చేసింది. గుర్తు చేయడమే, గడువు పెట్టలేకపోయింది.

గౌరవ స్థానమే కదా, ఆరుగురితో ఏమవుతుంది అనేవారు ఉన్నారు. మండలి చట్టాన్ని ఆపలేదు, కొంతకాలం జాప్యం మాత్రమే చేయగలదన్నది నిజమే. కానీ ఆ ఓటు మండలిలోనే ఆగదు. తెలంగాణలో ఎమ్మెల్సీ ఏదో ఒక పట్టణ పాలక సంస్థలో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యుడిగా పేరు నమోదు చేయించుకుని అక్కడ మేయర్ లేదా ఛైర్మన్ ఎన్నికలో ఓటు వేయవచ్చు. గవర్నర్ కోటాలో వచ్చినవారికీ ఈ హక్కు ఉంది. అంటే సంతకంతో పుట్టిన ఓటు నగర పాలక సంస్థ దాకా నడిచి వస్తుంది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న తుక్కుగూడ కథ ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 2020 జనవరిలో అక్కడ పురపాలక ఎన్నికలు జరిగాయి. మొత్తం 15 వార్డులు. భాజపాకు 9 వచ్చాయి, తెరాసకు 5, ఒక స్వతంత్రుడు గెలిచారు. చిన్న ఊరు, చిన్న లెక్క. పదిహేనులో తొమ్మిది అంటే గెలుపే అని బడి పిల్లవాడు కూడా చెబుతాడు. ఛైర్మన్ ఎన్నిక రోజు ఆ లెక్క మారింది. ఎక్స్ అఫీషియో సభ్యులు వచ్చి చేతులెత్తారు. పీఠం తెరాసకు వెళ్లింది. వచ్చినవారిలో రాష్ట్ర విభజన వేళ ఆంధ్రప్రదేశ్ కోటాలోకి వెళ్లిన ఒక రాజ్యసభ సభ్యుడు కూడా ఉండటంతో పెద్ద రభసే జరిగింది. వచ్చినవారు ఎన్నికైనవారా, నియమితులా అన్నది పక్కన పెడదాం. తుక్కుగూడ వార్డు ఓటరు వైపు నుంచి చూస్తే తేడా లేదు. తాము ఓటేయని మనుషులు వచ్చి తమ ఊరి తీర్పును తిరగరాశారు. జీహెచ్ఎంసీలోనూ ఇదే ఏర్పాటు. 2020 డిసెంబరులో 150 డివిజన్లలో అతి పెద్ద పార్టీకి దక్కినవి 56. మేయర్ పీఠానికి వారు ధీమాగా ఉండటానికి కారణం ఎక్స్ అఫీషియో బలమే. చివరికి మజ్లిస్ మద్దతు కూడా తోడైంది.

నామినేటెడ్ ఓటు విలువ ఎంతో ఈ నగరానికి 2015లోనే తెలిసివచ్చింది. ఎమ్మెల్యే కోటా మండలి ఎన్నికల ముందు, ఆంగ్లో ఇండియన్ల తరఫున శాసనసభకు నియమితులైన సభ్యుడి ఓటు కోసం డబ్బు ఎర చూపారన్న ఆరోపణే ‘ఓటుకు నోటు’ కేసుగా దేశమంతా మారుమోగింది. ఆ కేసు మంచిచెడ్డలు న్యాయస్థానం చూసుకుంటుంది. గమనించవలసింది రాజ్యాంగంలోని ఒక చిన్న మాట. రాజ్యసభ సభ్యులను శాసనసభలోని ‘ఎన్నికైన సభ్యులు’ ఎన్నుకోవాలని 80వ అధికరణ చెబుతుంది. మండలి సభ్యులను శాసనసభ ‘సభ్యులు’ ఎన్నుకోవాలని 171వ అధికరణ అంటుంది. ‘ఎన్నికైన’ అన్న ఆ ఒక్క విశేషణం లేకపోవడం వల్ల, ఎవరూ ఎన్నుకోని సభ్యుడికి మరో సభకు సభ్యులను ఎన్నుకునే హక్కు వచ్చింది. శాసనసభల్లో ఆంగ్లో ఇండియన్ నామినేషన్ 104వ సవరణతో 2020 జనవరిలో ముగిసింది.

రాజ్యాంగ నిర్మాతలకూ ఆ తరవాత సవరణలు చేసినవారికీ నియమితుడి మాట వేరు, నియమితుడి ఓటు వేరు అన్న ఎరుక ఉందని చెప్పడానికి ఇలాంటి గుర్తులు మరికొన్ని ఉన్నాయి. రాష్ట్రపతి ఎన్నికలో నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. పురపాలక సంస్థల గురించి చెప్పే 243ఆర్ అధికరణ మరీ స్పష్టం. పురపాలనలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారిని కౌన్సిల్‌లోకి తీసుకోవచ్చు, కానీ వారికి సమావేశాల్లో ఓటు హక్కు ఉండదు అని తేల్చింది. నాలా పూడిక గురించి, వాననీటి కాలువల గురించి తెలిసిన ఇంజినీరు సభలో కూర్చుని మాట్లాడాలి. తీర్మానం మీద చేయి ఎత్తాల్సింది మాత్రం ఓటరుకు మొహం చూపించాల్సిన కార్పొరేటర్. ఎంత చక్కని విభజన. డివిజన్ స్థాయిలో ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు రాష్ట్ర స్థాయిలో, దేశ స్థాయిలో ఎందుకు అక్కరలేకపోయిందో సమర్థించే వాదన దొరకదు.

ఓటు ఉంటే ఏమి జరుగుతుందో పుదుచ్చేరి చూపించింది. అక్కడి శాసనసభకు కేంద్రం ముగ్గురిని నియమించవచ్చు. అక్కడి మంత్రివర్గాన్ని అడగకుండానే నియమించవచ్చని, వారికి ఓటు హక్కు కూడా ఉంటుందని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో నారాయణస్వామి ప్రభుత్వం బలపరీక్షలో పడిపోయిన రోజు నియమిత సభ్యులు ముగ్గురూ ప్రతిపక్షం వైపు కూర్చున్నారు. జమ్మూ కశ్మీర్ శాసనసభలోనూ ఇప్పుడు అయిదుగురిని నియమించే వీలుంది. పుదుచ్చేరిలో లాగా 30 మంది ఎన్నికైన సభ్యులున్న చోట ముగ్గురు అంటే పదో వంతు. ప్రభుత్వాలు ఒకటి రెండు ఓట్లతో నిలబడే కాలంలో ఆ పదో వంతే ప్రజా తీర్పును తారుమారు చేయగలదు.

మంత్రి పదవుల సంగతి ఇంకా సున్నితమైనది. తెలంగాణ మొదటి హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి గవర్నర్ కోటాలో మండలికి వచ్చారు. ఆయన కార్మిక నాయకుడు, అంతకుముందు ముషీరాబాద్ నుంచి మూడుసార్లు గెలిచినవారు. ప్రజల మధ్య ఆయన బతుకు గురించి సందేహం లేదు. అయినా కొత్త రాష్ట్రంలో పోలీసు శాఖ మొత్తం చేతిలో ఉన్న మంత్రికి ఆ ఎన్నికల్లో ఏ నియోజకవర్గమూ ఓటు వేయలేదన్నది వాస్తవం. అజారుద్దీన్ 2023లో జూబ్లీహిల్స్‌లో పోటీ చేసి ఓడారు. 2025 ఆగస్టులో గవర్నర్ కోటాకు ఆయన పేరు వెళ్లింది, అక్టోబరు 31న మంత్రిగా ప్రమాణం చేశారు. ఏ సభలోనూ సభ్యులు కాకుండా ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చని 164వ అధికరణ చెబుతుంది. ఆ వెసులుబాటును మళ్లీ మళ్లీ వాడుకోవడం అప్రజాస్వామికమని 2001లో పంజాబ్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆరు నెలల గడువు ఉన్నదే ప్రజల దగ్గరికి వెళ్లి రమ్మని. నామినేషన్ ఆ ప్రయాణాన్ని తప్పిస్తుంది. కవుల కోసం, శాస్త్రవేత్తల కోసం తెరిచిన ద్వారం నుంచి మంత్రి లోపలికి వస్తే అధికరణ అక్షరం చెదరదు గానీ దాని ప్రాణం పోతుంది.

ఎన్నికైనవారు మాత్రం ఎంత జవాబుదారీగా ఉన్నారన్న ఎదురు ప్రశ్న బలమైనదే. ఒక గుర్తు మీద గెలిచి మరో కండువా కప్పుకున్నవారిని ఈ నగరం కళ్లారా చూసింది. ఓటుకు పంచే డబ్బు సంగతి దాచేదేమీ కాదు. అలాంటప్పుడు పెద్ద మనిషిని నేరుగా నియమిస్తే తప్పేమిటని అడుగుతారు. కండువా మార్చినవారికి కనీసం అయిదేళ్లకు ఒక పరీక్ష ఉంది. వారిని ఓడించే మీట ఓటరు చేతిలో ఉంది, చాలాసార్లు ఓటరు నొక్కాడు కూడా. నియమితుడి విషయంలో ఆ మీటే లేదు. ఎన్నికల జబ్బుకు మందు ఎన్నికలు లేకపోవడం అనుకుంటే ఎక్కడికి చేరతామో తెలియడానికి సికింద్రాబాద్ కంటోన్మెంట్ దాకా వెళ్తే చాలు. ఎనిమిది వార్డులకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. పాలకవర్గం గడువు తీరాక, రెండు పొడిగింపులు అయ్యాక, 2021 ఫిబ్రవరి నుంచి ఎన్నికైన సభ్యులే లేని బోర్డు వచ్చింది. సైన్యం నుంచి అధ్యక్షుడు, ముఖ్య కార్యనిర్వహణాధికారి, కేంద్రం నియమించిన ఒక పౌర సభ్యుడు, అంతే. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి, మార్చిలోనే రద్దు చేశారు. 2011 లెక్కల ప్రకారమే రెండు లక్షలు దాటిన జనాభా అది. బోయిన్‌పల్లిలో నల్లా నీళ్లు రాకపోయినా, రసూల్‌పురాలో మురుగు పొంగినా వార్డు సభ్యుడి ఇంటి ముందు నిలబడి అడిగే అవకాశం ఏళ్ల తరబడి లేకుండా పోయింది. ఎనిమిది మంది చేయాల్సిన పనిని ఒక నియమితుడి భుజాన వేయడం ఆ మనిషికీ న్యాయం కాదు.

నామినేషన్లను పూర్తిగా ఎత్తేయాలనడం తేలిక. అలా చేస్తే జాషువా వంటివారికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. మాట ఉంచి ఓటు తీసేయడమే సరైన మార్గమని 243ఆర్ ఎప్పుడో చూపింది. చర్చల్లో పాల్గొనవచ్చు, కమిటీల్లో కూర్చోవచ్చు, ప్రశ్నలు వేయవచ్చు. బిల్లుల మీద, మేయర్ పీఠాల మీద ఓటు మాత్రం ఉండకూడదు. అప్పుడు ఈ సీట్ల కోసం పార్టీలు కొట్టుకోవు. నిజంగా చెప్పవలసిన మాట ఉన్నవారే మిగులుతారు. బిల్లుల మీద ఓటు తీసేయాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, అది పార్లమెంటు చేతిలో పని. పురపాలక చట్టంలో ఎక్స్ అఫీషియో ఓటును సవరించడం రాష్ట్ర శాసనసభ చేతిలో పని. అయితే ఏ సవరణా అక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. కెనడాలో 105 మంది సెనేటర్లనూ నియమిస్తారు. అక్కడ 2016 నుంచి ఒక స్వతంత్ర సలహా మండలి దరఖాస్తులు పిలిచి, పరిశీలించి ప్రధానికి పేర్లు సూచిస్తోంది. తెలంగాణ మంత్రివర్గం అంత దూరం వెళ్లకపోయినా, తదుపరి ఖాళీ వచ్చినప్పుడు తాను పంపే పేరుతో పాటు ఏ రంగం, ఏ కృషి, ఎన్నేళ్లు అన్నది ఒక పేజీలో రాసి అదే రోజు ప్రజల ముందు పెట్టవచ్చు. నిన్నటి ఎన్నికల్లో ఓడినవారిని ఆ సభ కాలం ముగిసేదాకా సిఫారసు చేయబోమని, గవర్నర్ కోటా సభ్యులను మంత్రులను చేయబోమని తీర్మానించుకోవచ్చు. గవర్నర్ కార్యాలయం కూడా పేరును తిప్పి పంపితే కారణాలను, ఆమోదిస్తే ఆమోదించిన తేదీతో సహా వివరాలను తన వెబ్‌సైట్‌లో ఉంచవచ్చు. వీటిలో దేనికీ ఢిల్లీ అనుమతి అవసరం లేదు, కోర్టు ఆదేశం అవసరం లేదు, సచివాలయంలో ఒక మంత్రివర్గ సమావేశం, గవర్నర్ కార్యాలయంలో ఒక నిర్ణయం సరిపోతాయి.